పీవీ సంస్కరణల నుంచి ఎలక్టోరల్ బాండ్ల దాకా: అవినీతి, పార్టీలు, డబ్బు మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్థిక సంస్కరణల గురించి ఎక్కడ మాట్లాడినా చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తారు. 1991లో లైసెన్సులు ఎత్తేశారు కదా, మరి లంచాలు ఎందుకు పోలేదు? నాకు అర్థమైనంతలో జవాబు ఇది: గేటు ఎత్తేసిన చోట లంచం పోయింది. చాలాచోట్ల గేటు ఎత్తేయలేదు, పక్కకి జరిపారంతే. జరిపిన గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నది ఎక్కువగా పార్టీలే. దీని చుట్టూ తరచూ వచ్చే ప్రశ్నలకి జవాబులు కింద ఉన్నాయి.

లైసెన్స్ రాజ్ అంటే ఏంటి? ఈ తరం పిల్లలకి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

స్కూటర్ కథ చెప్పండి. 1951 పరిశ్రమల చట్టం ప్రకారం ఫ్యాక్టరీ పెట్టాలంటే ఢిల్లీ నుంచి లైసెన్సు రావాలి. ఏం తయారు చేయాలో, ఏడాదికి ఎన్ని చేయాలో కూడా అందులోనే ఉంటుంది. అంతకు మించి చేస్తే తప్పు. దేశమంతా బజాజ్ చేతక్ కోసం ఏళ్ల తరబడి క్యూలో నిలబడి ఉంటే, కంపెనీ మాత్రం లెక్క దాటి స్కూటర్లు చేయకూడదు. పెళ్లికి ముందు బుక్ చేసిన బండి పిల్లలు బడికెళ్లే వయసుకి వచ్చేది. వచ్చిన రోజే దాన్ని ఎక్కువ ధరకి అమ్ముకుని లాభం చూసుకున్నవాళ్లూ ఉన్నారు.

మా ఇంటికి సంబంధించినంతవరకు ఇది ఫోన్ కథ. మా నాన్న బడిపంతులు. 1984లో ఫోన్‌కి డిపాజిట్ కట్టి రసీదుని దేవుడి పటం వెనక పెట్టారు. ఫోన్ వచ్చింది 1993లో. ఆ తొమ్మిదేళ్లలో అప్పుడప్పుడూ టెలిఫోన్ ఆఫీసుకి వెళ్లి "మన నంబర్ ఎంతదాకా వచ్చిందండీ" అని అడిగి వచ్చేవారు. చివరికి నల్ల ఫోన్ ఇంట్లోకొచ్చిన రోజు లైన్‌మన్‌కి కాఫీ, కొత్త పంచె, కవరు. అది బిగించినందుకు. తర్వాత ప్రతి దసరాకీ ఇంకో కవరు, అది డెడ్ కాకుండా ఉన్నందుకు. మా నాన్న దాన్ని ఎప్పుడూ లంచం అనలేదు, "మామూలు" అనేవారు. ఆ మాట ఎంత తెలివైనదో చూడండి. రోజూ జరిగేదానికీ, జరగకూడని దానికీ ఒకే పేరు.

1991 నాటికి దేశం మొత్తం మీద ఉన్నవి దాదాపు 50 లక్షల ఫోన్లే.

లైన్‌మన్ సంగతి సరే, ఆ రోజుల్లో పార్టీలకి డబ్బు ఎలా వచ్చేది?

ఇక్కడ 1969 ముఖ్యమైన సంవత్సరం. అప్పటిదాకా కంపెనీలు పార్టీలకి చట్టబద్ధంగా చందాలిచ్చేవి. ఇందిరాగాంధీ ప్రభుత్వం 1969లో దాన్ని పూర్తిగా నిషేధించింది. పెద్ద వ్యాపారుల డబ్బు రాజకీయాల్లోకి రాకూడదన్నది పైకి చెప్పిన కారణం. వినడానికి బాగానే ఉంది. కానీ అదే ఏడాది గుత్తాధిపత్య నియంత్రణ చట్టం కూడా వచ్చింది. పెద్ద కంపెనీ విస్తరించాలంటే ఇంకో అనుమతి తీసుకోవాలి. అంటే ఒకవైపు కంపెనీలకి ప్రభుత్వంతో అవసరం పెరిగింది, ఇంకోవైపు చెక్కు రాసే దారి మూసుకుపోయింది. ఎన్నికల ఖర్చు మాత్రం ఆగలేదు. మిగిలిన దారి బ్రీఫ్‌కేసే.

1985లో నిషేధం ఎత్తేశారు. కానీ 16 ఏళ్లపాటు నల్లడబ్బుకి అలవాటు పడ్డ చెయ్యి ఒక్కరోజులో చెక్కుకి మారుతుందా? వ్యాపారికి కూడా చెక్కంటే టెన్షనే. రేపు అవతలి పార్టీ గెలిస్తే కాగితం మీద పేరుంటుంది.

1991లో బంగారం తాకట్టు పెట్టారంటారు, నిజమేనా? ఎవరు పెట్టారు?

నిజమే, కానీ ఇందులో రెండు వేర్వేరు ఘటనలు కలిసిపోయాయి. చంద్రశేఖర్ ప్రభుత్వం ఉండగా 1991 మే నెలలో 20 టన్నుల బంగారాన్ని స్టేట్ బ్యాంక్ ద్వారా విదేశంలో అమ్మారు, తిరిగి కొనుక్కునే ఒప్పందంతో. పీవీ ప్రధాని అయ్యాక జులైలో మరో 47 టన్నులు విమానాల్లో పంపి, దాని మీద బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర 40 కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు. ఇళ్లలో పుస్తెలతాడు కుదువ పెట్టడమంటే ఏంటో తెలిసిన జనానికి ఆ వార్త ఎలా తగిలి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. చేతిలో ఉన్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకి సరిపోయేంత.

సంస్కరణలు తెచ్చింది పీవీయా, మన్మోహన్ సింగా?

ఈ గొడవ మన తెలుగువాళ్ల మధ్యే ఎక్కువ. నా లెక్కలో ఇద్దరూ, కానీ వేర్వేరు పనులకి. ఏం చేయాలో అప్పటి ఆర్థిక మంత్రి మన్మోహన్‌కి తెలుసు. చేస్తే పార్టీలో ఎవరు అడ్డుపడతారో, వాళ్లని ఎలా దాటాలో పీవీకి తెలుసు.

1991 జులై 24 చూడండి. సాయంత్రం మన్మోహన్ బడ్జెట్ చదివారు, అందరి చూపూ దాని మీదే. అదే రోజు అంతకుముందు కొత్త పారిశ్రామిక విధానాన్ని పార్లమెంటులో పెట్టేశారు, అదీ ఒక సహాయ మంత్రి చేత. 18 పరిశ్రమలు తప్ప మిగతా అన్నింటికీ లైసెన్సు అక్కర్లేదన్నారు. నలభై ఏళ్ల వ్యవస్థని పీకేసే కాగితం అది. పరిశ్రమల శాఖని పీవీ తన దగ్గరే పెట్టుకున్నారు, అయినా పెద్ద ప్రసంగం ఏమీ చేయలేదు. పెద్ద పని చేసేటప్పుడు గొంతు తగ్గించడం ఆయన పద్ధతి.

ఆ రోజుకి ఆయన ఎంపీ కూడా కాదు. నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో గెలిచాకే లోక్‌సభకి వచ్చారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ టీడీపీ అభ్యర్థిని నిలబెట్టలేదు. మెజారిటీ 5 లక్షల 80 వేలు. అక్కడ ఓడిపోయిన బీజేపీ అభ్యర్థి బంగారు లక్ష్మణ్. పేరు గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

మెజారిటీ లేని ప్రభుత్వం ఇంత పెద్ద మార్పులు ఎలా చేయగలిగింది?

కొన్నిచోట్ల చేయలేకపోయింది కూడా. ఎరువుల ధర 40 శాతం పెంచుతామని బడ్జెట్‌లో చెబితే సొంత పార్టీ ఎంపీలే తిరగబడ్డారు. చివరికి 30 శాతానికి దిగి, చిన్న, సన్నకారు రైతులకి మినహాయింపు ఇచ్చారు. ఊళ్లో ఓటరుకి నేరుగా తగిలే చోట సంస్కరణ ఆగింది. రూపాయి విలువ తగ్గింపు, పారిశ్రామిక లైసెన్సుల రద్దు లాంటివి ఆ క్షణానికి ఊళ్లో ఎవరికీ తగల్లేదు కాబట్టి జరిగిపోయాయి.

ఇంకో మాట. 1992 ఏప్రిల్‌లో తిరుపతి కాంగ్రెస్ సమావేశాల్లో పీవీ దాదాపు 20 ఏళ్ల తర్వాత పార్టీలో సంస్థాగత ఎన్నికలు పెట్టించారు. ఫలితాల్లో ఆయన ప్రత్యర్థులు ఎక్కువ ఓట్లతో వర్కింగ్ కమిటీలోకి వచ్చారు. వెంటనే, ఎస్సీ, ఎస్టీలూ మహిళలూ గెలవలేదన్న కారణం చూపి ఎన్నికైనవాళ్ల చేత రాజీనామా చేయించి, మళ్లీ తనే నియమించుకున్నారు. ఆర్థిక వ్యవస్థలో పోటీ పెట్టిన మనిషే పార్టీలో పోటీని రెండు వారాలు కూడా భరించలేకపోయారు. పీవీ మీద నాకు చాలా గౌరవం ఉంది, కానీ ఇది దాచాల్సిన సంగతి కాదు. మన పార్టీలన్నీ ఈరోజుకీ ఒక కుటుంబం చేతిలోనో, ఒకరిద్దరి చేతిలోనో ఉండడానికీ, డబ్బంతా ఒకేచోట పోగవడానికీ మూలం ఇక్కడుంది. టికెట్ ఇచ్చే చెయ్యి ఒకటే అయినప్పుడు ఆ చేతినే తడుపుతారు.

జేఎంఎం ముడుపుల కేసు అంటే ఏంటి?

1993 జులై 28న పీవీ ప్రభుత్వం మీద లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం ఓటింగుకి వచ్చింది. సభలో 528 మంది, కాంగ్రెస్ బలం 251. నెగ్గడానికి 14 మంది తక్కువ. ఓటింగు అయ్యాక చూస్తే తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. ప్రభుత్వం నిలబడింది.

ఆ 14 మంది ఎక్కణ్ణుంచి వచ్చారు? జార్ఖండ్ ముక్తి మోర్చా (జేఎంఎం) ఎంపీలు నలుగురికీ, జనతాదళ్ నుంచి వచ్చిన ఒక వర్గానికీ డబ్బు ముట్టిందని ఆరోపణ. 1996లో సీబీఐ కేసు పెట్టింది. నాకు ఇందులో ఇప్పటికీ వింతగా అనిపించేది, ఆ నలుగురు డబ్బుని తెచ్చి ఢిల్లీలో ఒక బ్యాంకు బ్రాంచిలో తమ పేర్ల మీదే డిపాజిట్ చేశారు. కాగితాలతో సహా దొరికిపోయారు. మన ఊళ్లో సర్పంచి ఎన్నికల్లో కూడా ఇంత అమాయకంగా ఎవరూ చేయరు.

డబ్బు తీసుకున్నవాళ్లు తప్పించుకుని, ఇచ్చినవాళ్లు ఇరుక్కున్నారట. ఇదెక్కడి న్యాయం?

1998లో సుప్రీంకోర్టు చెప్పిన న్యాయం. రాజ్యాంగం 105వ అధికరణ ప్రకారం సభలో మాట్లాడిన మాటకీ, వేసిన ఓటుకీ ఎంపీ మీద కోర్టులో కేసు పెట్టకూడదు. రాజుకో, ప్రభుత్వానికో భయపడకుండా మాట్లాడాలని పెట్టుకున్న రక్షణ అది. అయిదుగురు జడ్జీల్లో ముగ్గురు ఈ రక్షణని లంచం దాకా లాగారు. తీసుకుని చెప్పినట్టు ఓటు వేసినవాళ్లకి రక్షణ ఉందన్నారు. తీసుకున్నాడన్న ఆరోపణ ఉండి ఓటు వేయని ఎంపీకి మాత్రం లేదన్నారు! ఇచ్చినవాళ్లకి అసలే లేదు. లంచం పుచ్చుకుని మాట నిలబెట్టుకున్నవాడే నిజాయితీపరుడన్నమాట.

అలా ఇచ్చిన వైపు విచారణ నడిచింది. 2000 సెప్టెంబరులో ప్రత్యేక కోర్టు పీవీని, బూటా సింగ్‌ని దోషులుగా తేల్చి, తర్వాత మూడేళ్ల జైలు వేసింది. క్రిమినల్ కేసులో శిక్ష పడ్డ మొదటి మాజీ ప్రధాని మన పీవీయే. 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అప్రూవర్‌గా మారిన ఎంపీ మాట నమ్మదగ్గట్టు లేదని నిర్దోషిగా వదిలేసింది. కాబట్టి చట్టం దృష్టిలో పీవీ నిర్దోషి. ఇది చాలామంది సగమే చెప్తారు, ఎవరికి కావలసిన సగం వాళ్లు.

1998 తీర్పు మాత్రం 26 ఏళ్లు బతికింది. 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీలు ఏకగ్రీవంగా దాన్ని రద్దు చేశారు. చట్టసభలో ఓటుకి లంచం తీసుకుంటే రక్షణ లేదు, రాజ్యసభ ఎన్నికల్లో ఓటుకైనా అంతే. ఆ కేసు సీతా సోరెన్‌ది. ఆమె ఎవరనుకున్నారు? 1993 నాటి నలుగురిలో ఒకరైన శిబు సోరెన్‌కి కోడలు. పీవీకి భారతరత్న ప్రకటించింది దానికి ముందు నెలలోనే.

హర్షద్ మెహతా సూట్‌కేసు కథ?

1992లో స్టాక్ మార్కెట్ కుంభకోణం బయటపడింది. పీవీకి సూట్‌కేసులో కోటి రూపాయలు ఇచ్చానని, ఆ కుంభకోణంలో ప్రధాన నిందితుడైన స్టాక్ బ్రోకర్ హర్షద్ 1993లో ప్రెస్‌మీట్ పెట్టి మరీ చెప్పాడు. కోటి పడుతుందో లేదో సూట్‌కేసు తెరిచి చూపించారు. ఆరోపణ రుజువు కాలేదు. అంతే.

సంస్కరణల తర్వాత లంచాలు తగ్గాయా, పెరిగాయా?

రెండూ. ఫోన్ సంగతే చూద్దాం, నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

1994లో టెలికాంలోకి ప్రైవేటు కంపెనీలని రానిచ్చారు. 1995 జులై 31న దేశంలో మొదటి మొబైల్ కాల్ వెళ్లింది, కలకత్తా నుంచి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. తర్వాతి ఏడాది ఆగస్టులో అదే సుఖ్‌రామ్ ఇళ్లలో సీబీఐకి 3.6 కోట్ల నగదు దొరికింది. పరికరాల కొనుగోలులో ఒక హైదరాబాద్ కంపెనీకి మేలు చేశారన్న కేసులో ఆయనకి తర్వాత శిక్ష కూడా పడింది.

ఇప్పుడు రెండు పక్కలా చూడండి. ఈరోజు సిమ్ కార్డు కోసం ఎవరైనా లంచం ఇస్తున్నారా? మా నాన్న తొమ్మిదేళ్లు ఎదురుచూసినదాన్ని కిరాణా కొట్లో పది నిమిషాల్లో ఇస్తున్నారు. లైన్‌మన్ మామూలు పోయింది, ఎందుకంటే కాదంటే పక్క కంపెనీ ఉంది. కానీ ఆ కంపెనీలకి గాలిలో తరంగాలు ఎవరివ్వాలి? ప్రభుత్వమే. అవి పరిమితం. గేటు మా ఊరి టెలిఫోన్ ఆఫీసు నుంచి ఢిల్లీలో టెలికాం శాఖ ఉండే సంచార్ భవన్‌కి జరిగింది. కింద లక్షల చేతుల్లో వందల రూపాయలుగా ఉన్నది పైన కొన్ని చేతుల్లో కోట్లయింది.

పార్టీల రాజకీయం కూడా ఇందులోనే ఉంది. సుఖ్‌రామ్ మీద పార్లమెంటుని రోజుల తరబడి స్తంభింపజేసిన బీజేపీ, 1998లో హిమాచల్‌లో ఆయన పెట్టిన కొత్త పార్టీ 5 సీట్ల సాయంతో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఇక బంగారు లక్ష్మణ్: 2001లో బీజేపీ జాతీయ అధ్యక్షుడిగా ఉండి, ఆయుధాల వ్యాపారులమని చెప్పుకున్న విలేకరుల నుంచి లక్ష రూపాయలు తీసుకుంటూ రహస్య కెమెరాకి చిక్కారు. పదవి పోయింది, 2012లో నాలుగేళ్ల శిక్ష పడింది. నంద్యాలలో తలపడిన ఇద్దరికీ అవినీతి కేసుల్లో శిక్షలు పడ్డాయి. ఒకరిది పైకోర్టు కొట్టేసింది.

2జీ కేసులో అందరూ నిర్దోషులయ్యారు. అంటే స్కామే లేనట్టా?

రెండు తీర్పుల్ని కలిపి చదవాలి. 2008 జనవరిలో 2జీ స్పెక్ట్రమ్ (పైన చెప్పిన తరంగాలే) లైసెన్సులు 2001 నాటి ధరకే, దేశమంతటికీ 1,658 కోట్లకి ఇచ్చారు. ముందు వచ్చినవాళ్లకి ముందు అన్నారు, కానీ గడువు తేదీని వెనక్కి జరిపారు. కబురు బయటికొచ్చిన గంటలోపే కొన్ని కంపెనీలు వేల కోట్లకి డీడీలు చేత్తో పట్టుకుని వచ్చాయి. నష్టం 1.76 లక్షల కోట్ల దాకా ఉండొచ్చని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2010లో అంచనా వేసింది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. ఆ పద్ధతే తప్పని. 2017 డిసెంబరులో ప్రత్యేక కోర్టు 2008 నాటి టెలికాం మంత్రి రాజా, డీఎంకే ఎంపీ కనిమొళి సహా అందరినీ వదిలేసింది. ఫలానావాళ్లు నేరం చేశారని సీబీఐ నిరూపించలేకపోయిందని.

పద్ధతి చెడ్డదని తేలడం వేరు, మనిషి దొంగ అని తేలడం వేరు. మన చర్చలన్నీ రెండోదాని చుట్టూ తిరుగుతాయి, టీవీకి మనిషి కావాలి కాబట్టి. బొగ్గు గనుల్లోనూ ఇదే వరస. 2014లో ఒక్క తీర్పుతో 200కి పైగా కేటాయింపులు రద్దయ్యాయి.

వేలం వేస్తే సరిపోతుంది కదా?

చాలావరకు. కానీ టెండర్ షరతులు రాసేది కూడా మనిషే. "గత అయిదేళ్లలో ఇంత కోట్ల పని చేసి ఉండాలి" అన్న ఒక్క లైను చాలు, పదిమందిలో ఒక్కడే మిగలడానికి.

సంస్కరణలంటే మన దగ్గర కరెంటు చార్జీలు పెంచడమేగా?

2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు చూసినవాళ్లకి అలాగే గుర్తుంటుంది. 1999లో విద్యుత్ బోర్డుని విడగొట్టి, ప్రపంచబ్యాంకు అప్పుతో చంద్రబాబు ప్రభుత్వం సంస్కరణలు మొదలుపెట్టింది. చార్జీలు పెరిగాయి, ఉద్యమం లేచింది. 2004లో వైఎస్ మొదటి సంతకం ఉచిత కరెంటు మీద. ఆ తర్వాత ఏ పార్టీ కూడా ఆ ఫైలు ముట్టుకోలేదు.

అప్పట్లో రైతులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే: పెద్దవాళ్ల కరెంటు దొంగతనం ఆపకుండా మా మోటారు మీదే ఎందుకు పడ్డారు? అవినీతి ఉన్నచోట సంస్కరణని జనం నమ్మరు. దాని ధరని ఇరవై అయిదేళ్లుగా కరెంటు పంపిణీ సంస్థలు (డిస్కంలు) కడుతున్నాయి.

భూముల రికార్డులు కంప్యూటర్‌లో పెట్టాక కూడా డబ్బు ఎందుకు అడుగుతున్నారు?

ఉమ్మడి రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్ని కంప్యూటరీకరించారు. అంతకుముందు దస్తావేజుని గుమస్తా చేత్తో పుస్తకంలోకి ఎక్కించేవాడు. నకలు చేతికి రావాలంటే రోజులు పట్టేది. కంప్యూటర్ వచ్చాక పని గంటల్లోకి వచ్చింది, అది నిజం. బయట డాక్యుమెంట్ రైటర్ మాత్రం అలాగే ఉన్నాడు. స్టాంపు డ్యూటీ, ఫీజు, చివర్లో "ఆఫీసు ఖర్చులు" అని నోటితో కలిపే మొత్తం కూడా అలాగే ఉంది.

తెలంగాణలో ఇంకో ప్రయోగం జరిగింది. వీఆర్వోల అవినీతి భరించలేమని 2020 సెప్టెంబరులో ఆ వ్యవస్థనే రద్దు చేసి, అక్టోబరు 29న భూరికార్డుల ఆన్‌లైన్ పోర్టల్ ధరణి తెచ్చారు. మా మామయ్యకి రెండెకరాల పది గుంటలుండాలి, పాసుబుక్‌లో ఎకరం పది గుంటలు పడింది. టైపింగ్ తప్పు. ఇదివరకైతే వీఆర్వోని పట్టుకుంటే, మంచికో చెడుకో, ఒక మనిషి దొరికేవాడు. ఇప్పుడు మీసేవలో టీఎం 33 కింద దరఖాస్తు. ఒకసారి కారణం చెప్పకుండా తిరస్కరించారు, ఫీజు పోయింది. రెండోసారి పెట్టాక ఒకాయన ఫోన్ చేసి "పెద్దాయనా, ఫైలు పైకెళ్లింది, పైన చూసుకోవాలి మరి" అన్నాడు. మామయ్య అమాయకంగా "పైన అంటే దేవుడా?" అని అడిగాడట. ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం, కానీ ఆ ఎకరం రికార్డులోకి రావడానికి మూడేళ్లు పట్టింది.

ఊళ్లో గేటు తీసేసి జిల్లా కేంద్రంలో పెట్టారు. కింది మనిషి చేతిలోని అధికారం లాగేశారు, నిజమే. తప్పు దిద్దే అధికారం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, అది దూరమైంది, రేటు పెరిగింది. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది, ఊళ్లోకి మళ్లీ రెవెన్యూ మనిషిని తెచ్చారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. పూజారిని మార్చడం, గుడి మార్చడం రెండూ చూశాం.

ఎలక్టోరల్ బాండ్ల గొడవ ఏంటి? చట్టబద్ధమే కదా?

2018 నుంచి 2024 ఫిబ్రవరి 15 దాకా చట్టబద్ధమే. స్టేట్ బ్యాంక్‌లో వెయ్యి నుంచి కోటి రూపాయల దాకా బాండ్లు కొని పార్టీకి ఇవ్వొచ్చు, పార్టీ 15 రోజుల్లో మార్చుకోవాలి. నల్లడబ్బు పోయి బ్యాంకు డబ్బు వస్తుందన్నారు. అది వచ్చింది. కానీ ఎవరిచ్చారో ఓటరుకి చెప్పక్కర్లేదన్నారు. పైగా లాభాల్లో 7.5 శాతానికి మించి కంపెనీ చందా ఇవ్వకూడదన్న పరిమితిని 2017లోనే ఎత్తేశారు. నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఇవ్వొచ్చు! ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుందో అడగొద్దు.

సుప్రీంకోర్టు ఈ పథకాన్ని కొట్టేసి వివరాలు బయటపెట్టించింది. 2019 ఏప్రిల్ నుంచి ఉన్న లెక్కల్లో బీజేపీకి సుమారు 6,060 కోట్లు, తృణమూల్‌కి 1,610, కాంగ్రెస్‌కి 1,422. నాలుగో స్థానంలో ఉన్నది ఒకే రాష్ట్రంలో ఉన్న బీఆర్ఎస్, 1,215 కోట్లు. వైసీపీకి 337, టీడీపీకి 219. కొన్నవాళ్లలో రెండో స్థానం హైదరాబాద్‌కి చెందిన మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు.

అభిమానులు ఇక్కడ "మా పార్టీకి తక్కువే వచ్చింది" అని వాదించుకుంటారు. నేను చూసేది వేరు. దేశంలో అధికారంలో ఉన్న పార్టీకి ఎక్కువ, రాష్ట్రంలో అధికారంలో ఉన్న పార్టీకి ఆ రాష్ట్రం స్థాయిలో ఎక్కువ. చందా అభిమానంతో ఇచ్చేదైతే ఇంత కచ్చితంగా కుర్చీ వెంట నడుస్తుందా?

ఎమ్మెల్యే అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలే కదా?

అవును. ఎంపీకి 95 లక్షలు. పార్టీ తన ప్రచారానికి పెట్టే ఖర్చుకి పరిమితే లేదు. 2022 మునుగోడు ఉపఎన్నిక చూసినవాళ్లు ఈ ప్రశ్న నవ్వకుండా అడగలేరు.

ఫిరాయింపుల చట్టం ఉంది కదా, ఎమ్మెల్యేలు ఎలా మారుతున్నారు?

1985 చట్టంలో మూడోవంతు మంది చీలితే తప్పు కాదన్న వెసులుబాటు ఉండేది. 2003లో తీసేశారు. ఇప్పుడు మూడింట రెండొంతుల మంది విలీనమైతేనే రక్షణ. 2019 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్‌లో 18 మందికి సరిగ్గా 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. లెక్కల పరీక్షలో కూడా ఇంత కచ్చితంగా రాదు.

ఆ లెక్క కూడా కుదరనప్పుడు స్పీకర్ ఉన్నారు. ఆయన నిర్ణయం తీసుకోకుండా కూర్చుంటే చాలు, పదవీకాలం గడిచిపోతుంది. 2014 తర్వాత ఏపీలో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు టీడీపీలోకి వెళ్లారు, నలుగురు మంత్రులయ్యారు, ఒక్కరి మీదా వేటు పడలేదు. 2019లో టీడీపీకి వచ్చిన సీట్లూ 23 కావడంతో ఆ అంకె సామెతైపోయింది. తెలంగాణలో కాంగ్రెస్ వైపు వెళ్లిన 10 మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల విషయంలో మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కి చెప్పాల్సి వచ్చింది.

లంచం ఇవ్వడం కూడా నేరమా? అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ)కి చెబితే నా పని ఆగిపోదా?

అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ల దాకా శిక్ష. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి, అప్పుడు మీ మీద కేసు ఉండదు. తెలంగాణలో ఏసీబీ నంబర్ 1064.

ట్రాప్ ఎలా జరుగుతుందో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. మీరు ఇవ్వాల్సిన నోట్ల నంబర్లు సాక్షుల ముందు రాసుకుంటారు. నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు, కంటికి కనపడదు. మీరు దాన్ని ముట్టుకోకూడదు, వాళ్లే మీ జేబులో పెడతారు. అవతలివాడు అడిగితేనే ఇవ్వాలి, మీ అంతట మీరు అందించకూడదు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే అడిగినట్టు రుజువు కాకపోతే కేసు నిలవదు. తీసుకున్నాక మీరు సైగ చేస్తారు. వాళ్లు వచ్చి సోడా కార్బొనేట్ కలిపిన నీళ్లలో అతని వేళ్లు ముంచుతారు. నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఆ సీసాకి సీలు వేసి కోర్టుకి పంపుతారు.

మీ పని ఆగుతుందా అంటే, కొన్నాళ్లు ఆగొచ్చు. ఆ ఆఫీసులో మిగతావాళ్లు మీ ఫైలు చూస్తే జంకుతారు. అబద్ధం చెప్పి ప్రయోజనం లేదు. ఫిర్యాదు చేసేటప్పుడే పెండింగ్ పని వివరాలు కూడా రాసివ్వండి.

పార్టీలు సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కిందికి వస్తాయా?

వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013 జూన్ 3న ఆరు జాతీయ పార్టీల విషయంలో చెప్పింది. కాంగ్రెస్, బీజేపీ, రెండు కమ్యూనిస్టు పార్టీలు, ఎన్సీపీ, బీఎస్పీ. ఏ విషయంలోనూ కలవని ఈ ఆరూ ఈ ఒక్క విషయంలో కలిసిపోయాయి. ఎవరూ అమలు చేయలేదు.

నేను సొంతంగా పార్టీకి చందా ఇవ్వాలనుకుంటున్నాను. ఎలా?

ఇవ్వండి, మంచిదే. 2,000 రూపాయలు దాటితే నగదు వద్దు, చెక్కు లేదా ఆన్‌లైన్. నగదు కాకుండా ఇస్తే, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుంది. 20,000 దాటితేనే మీ పేరు ఎన్నికల కమిషన్‌కి ఇచ్చే జాబితాలో ఉంటుంది.

నేను ఒకసారి ప్రయత్నించాను. ఎన్నికల ముందు ఒక పార్టీ ఆఫీసుకి వెళ్లి, అయిదు వేలకి చెక్కు రాసిస్తాను, రసీదు ఇవ్వమన్నాను. అక్కడున్న కుర్రాడు లోపలికీ బయటికీ రెండుసార్లు తిరిగాడు. రసీదు పుస్తకం ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. చివరికి లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చి భుజం మీద చెయ్యేసి, "చెక్కులూ అవీ ఎందుకండీ మాస్టారూ, మనవాళ్లేగా, కూర్చోండి టీ తాగుదాం" అన్నారు. టీ తాగి చెక్కుతో సహా ఇంటికొచ్చాను. ఆ ఏడాది మా వీధి వినాయకుడి పందిరికి ఇచ్చిన నూట పదహార్లకి మాత్రం నంబరు వేసిన రసీదు ఇచ్చారు.